ఖాళీ పీట మీద ఒడి బియ్యం

పసుపు కలిపిన బియ్యం వాసన తగిలితే ఇప్పటికీ నాకు వెన్నులో చలి పుడుతుంది. వేల్పూర్‌లో పుట్టి, పసుపు కొమ్ముల మధ్య పెరిగినదానివి, పసుపుకు భయపడుడేందే అని మా బాపు నవ్వుతాడు. నవ్వనీ. ఇవాళ పొద్దున చేటలో బియ్యానికి పసుపు పట్టిస్తుంటే టీవీలో ఒక వార్త వచ్చింది. అమెరికాలో కొత్త చట్టం తేవాలని చూస్తున్నారట. ఆ దేశ పౌరులు కానివాళ్లు ఇంట్లో ఆడవాళ్లను కొట్టినా, చెరిచినా వాళ్ల దేశానికి పంపించేస్తారట. మంచిదే, నేను కాదనను. కానీ అందరూ విమానం ఎక్కించడం గురించే మాట్లాడుతున్నారు. అది దిగేచోట ఎవరుంటారని ఒక్కరూ అడగలేదు. నాకు నర్సవ్వ గుర్తొచ్చింది. ఆమె నాకు అత్త కావలసిన మనిషి. కాలేదు. ఇవాళ నేను ఒళ్లు పదిలంగా తిరుగుతున్నానంటే అది ఆమె పుణ్యమే.

కొన్నేళ్ల కిందట నాకు బోధన్ నుంచి సంబంధం వచ్చింది. నర్సవ్వ కొడుకు మహేందర్ ఆస్ట్రేలియాలో ఉండి వచ్చాడు. మొదటి భార్య స్రవంతి అక్కడే జబ్బుచేసి చనిపోయిందని, ఆ దుఃఖంతో ఉండలేక వచ్చేశానని చెప్పాడు. మాట మెత్తన, మనిషి ఎర్రగా బుర్రగా ఉంటాడు. మావాళ్లు కరిగిపోయారు. మా దిక్కు ఇల్లు చూడడానికి పెద్దలే పోతారు, పిల్లను తీసుకుపోరు. బతికేది నేనైతే చూసేది మీరా అని మొండికేసి నేనూ బస్సెక్కాను.

మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీ వెనక వీధిలో ఆ ఇల్లు. నడి మధ్యాహ్నం. ముందు గదిలో స్రవంతి ఫోటోకు దండ వేలాడుతోంది. చేతులు కడుక్కుందామని నేను వెనక్కి పోతుంటే, లోపలి గదిలోంచి ఒక పడుచు గొంతు వినిపించింది. "అత్తా, బువ్వ తిన్నవా?"

తొంగి చూస్తే నర్సవ్వ ఒక్కతే ఉంది. ఎదురుగా పీట, పీట మీద మడత పెట్టిన ఎర్ర చీర. రెండు చేతులతో పసుపు బియ్యం తీసి ఆ చీర మీద పోస్తోంది. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆమె తల ఎత్తకుండానే అంది. "కూసో బిడ్డా. గామెను తొక్కకు."

నేను గబుక్కున నా కాళ్ల కిందికి చూసుకున్నాను. ఉత్త నేల.

ఎప్పుడొచ్చాడో, మహేందర్ నా వెనకే ఉన్నాడు. "మా అవ్వకు మతి సరిగ లేదు. కోడలు పోయినకాన్నుంచి గిట్లనే చేస్తది, పట్టించుకోకుండ్రి" అని నవ్వుతూ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి పడగానే నర్సవ్వ మెడ లోపలికి ముడుచుకుపోయింది. నేను అది చూశాను.

తిరుగు బస్సులో బాపుకు చెప్పాను. "సచ్చిపోయిన కోడలికి ఒడి బియ్యం పోస్తున్నది బాపూ, పాపం." ఆయన పాపం అనలేదు. కిటికీ వైపు నుంచి నా దిక్కు తిరిగాడు.

"సచ్చినోళ్లకు ఒడి బియ్యం ఎవలు పోస్తరే? బతికున్న ఆడిబిడ్డకు పోస్తరు. గది గూడ తల్లిగారోళ్లు పోస్తరు. అత్త పోసుడేంది?"

ఆ బస్సులో, అంత ఎండలో నాకు చలి పుట్టింది. తల్లి చేసే పని ఎదురుగా చూస్తూ కూడా మహేందర్‌కు అందులో పిచ్చి తప్ప ఏమీ కనబడలేదు. ఆడవాళ్ల పనులు అతడెన్నడు చూశాడు గనుక!

మరో రోజు అతడు ఇంట్లో లేని సమయం కనుక్కుని నేనొక్కదాన్నే పోయాను. "ఆమె బతికే ఉన్నదా అవ్వా?" అని అడిగాను. నర్సవ్వ నన్ను తేరిపార చూసి, కొంగు కింది నుంచి ఫోను తీసి వీడియో కలిపింది. దండ వేసిన ఫోటోలోని మొహం నన్ను చూసి కళ్లార్పింది.

"అక్కా, నేను సావలే" అంది స్రవంతి. ఆ రోజు లోపలి గదిలోంచి విన్న గొంతు అదే. అతడు కొట్టిన కథ చెప్పింది. వద్దన్నా వినకుండా మీద పడ్డ రాత్రుల గురించీ చెప్పింది. అక్కడి కోర్టు అతడిని జైల్లో వేసింది, తర్వాత సర్కారు దేశంలోంచి వెళ్లగొట్టింది. దుఃఖంతో వచ్చానన్నవాడు అలా వచ్చాడన్నమాట.

"ఆ రోజే నాకెందుకు చెప్పలే అవ్వా?"

"నోటితోటి జెప్తే పిచ్చిదంటడు. మీరూ నమ్ముతుంటిరి. గందుకే చేతులతోటి జెప్పిన. ఆడోళ్లకు సమజైతదనుకున్న."

"నాకు కాలే. మా బాపుకైంది."

నర్సవ్వ ఫక్కున నవ్వింది. నేను ఆగలేక అడిగేశాను. "కన్న కొడుకు గద?"

"కన్న గనుకనే" అంది. "ఆ దేశపోళ్లు వాళ్ల ఇల్లు ఊడ్సుకున్నరు. చెత్త నా వాకిట్ల పడ్డది. నేను మళ్ల ఎవలి వాకిట్లకు ఊడువాలె బిడ్డా?"

ఆ సంబంధం అక్కడితో తెగిపోయింది. మహేందర్ తల్లిని తిట్టిపోసి నిజామాబాద్‌కు మకాం మార్చాడు. అక్కడ ఏ పిల్లను చూసినా, ఆ వాకిట్లోకి నర్సవ్వ వచ్చేది. సంచిలో ఎర్ర చీర, పసుపు బియ్యం. ఆమెకు వాసన ఎట్లా తగిలేదో నాకిప్పటికీ తెలియదు. వీలైనప్పుడల్లా నేనూ తోడు పోయేదాన్ని. నీకేం పని అని ఊరు తిట్టింది. నా ఒంటి మీద దెబ్బలు లేవు, అదే నా పని. నాకు పెళ్లయిందా కాలేదా అన్నది ఇక్కడ అనవసరం.

మొన్నటి వానాకాలం నర్సవ్వ పోయింది. కొడుకే కందకుర్తి దగ్గర గోదావరిలో అస్థికలు కలిపాడు. నర్సవ్వ పక్కింటి షాహీన్ ఆపా బస్సెక్కి మా ఊరికి వచ్చి నా చేతిలో సంచి పెట్టింది. "నీకే ఇయ్యుమన్నది" అంది. చీర మడతల్లో ఇంకా బియ్యం గింజలు ఉన్నాయి. నేను ఏడ్చాను, వెక్కివెక్కి ఏడ్చాను.

నిన్న ఆపా ఫోన్ చేసింది. మహేందర్‌కు నవీపేట్‌లో సంబంధం కుదిరిందట. ఇవాళ మధ్యాహ్నం ఆ ఇంటికి పోయాను. నాకు మతి బాగానే ఉంది కాబట్టి నోటితోనే చెప్పాను. తప్పిపోయిన సంబంధం కదా, కడుపుమంటతో చెబుతున్నదన్నారు. సరే, నేను ఒక పీట అడిగాను. చీర పరిచి, స్రవంతికి ఫోను కలిపి కొంగు కింద పెట్టుకుని, రెండు చేతులతో బియ్యం పోయడం మొదలుపెట్టాను. పెళ్లి కావలసిన పిల్ల గడప దగ్గరికి వచ్చి, భయంతో అక్కడే ఆగిపోయింది.

నేను తల ఎత్తలేదు. "కూసో చెల్లె" అన్నాను. "ఈమెను తొక్కకు."