కాలు మాత్ర

మొన్న ఆదివారం షోళింగనల్లూరులో మా అమ్మాయి ఫ్లాటుకు వెళితే, కొత్తగా మొదలుపెట్టిన థైరాయిడ్ మాత్రకు గుండె దడదడలాడుతోందని అది చెప్పగానే మా ఆయన నా పాత కథ ఎత్తుకొన్నారు. అల్లుడు కాఫీ ఒలికేలా నవ్వాడు. ఆ కథకు మా ఇంట్లో ముప్ఫై అయిదేళ్లుగా అందరూ నవ్వుతూనే ఉన్నారు. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది.

నెల్లూరు నుంచి మద్రాసుకు కోడలిగా వచ్చిన కొత్తలో నాకు తమిళం రాదు. తెలుగు చక్కగా వచ్చు గనుకనే జార్జి టౌన్‌లో పెళ్లిపత్రికలు అచ్చువేసే ప్రెస్సులో సీసపు అక్షరాలు ఏరి కూర్చే పని దొరికింది. చేతిబండ్లను తప్పించుకొంటూ ఆ ఇరుకు సందులో నడుస్తుంటే నా అంత గొప్పది లేదనిపించేది. ఇప్పటికీ పెళ్లిపత్రిక చేతికొస్తే ముహూర్తం కంటే ముందు అచ్చుతప్పులే చూస్తాను. నాలుగు నెలలు తిరక్కుండానే ఎప్పుడూ మత్తు, ఒళ్లు బరువు, కాళ్ల వాపు. థైరాయిడ్ అని తేల్చిన డాక్టరు మాత్రలు రాసి, "ముదల్ల కాల్ మాత్తిరై" అన్నారు. తమిళంలో కాల్ అంటే పావు అని నాకేం తెలుసు? కాళ్లు వాచాయి కదా, కాళ్ల మాత్ర కాబోలనుకొని రోజూ పరగడుపున నిండు మాత్ర మింగాను. రెండు భాషలూ వచ్చిన మా ఆయన పక్కనే ఉండి విన్నారు, తల ఊపారు, నాకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

వారానికే గుండె దడ, చెమటలు, చేతుల వణుకు. అత్తగారితో చెబితే, "ఈడ అందరూ చేసేదే గదా పని, నీకొకదానికేనా పడపడప్పు" అంటూ నా దడను తీసిపారేశారు. కొత్త మందు, అలవాటు పడాలన్నారు మా ఆయన, పేపరు దించకుండా. ఒక్కదాన్నే మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లి ఏ భాషలో అడగను? పొద్దుటి నుంచి కూర్చిన పత్రిక చేతుల్లోంచి జారి నేలపాలయింది. అలా మూడోసారి జరిగాక యజమాని కోప్పడను కూడా లేదు, ఒళ్లు కుదుటపడ్డాక రమ్మన్నాడు. కుదుటపడేసరికి నా చోట వేరే మనిషి ఉంది.

నాలుగు నెలలకు రావలసిన మాత్రలు నెలకే ఎలా అయిపోయాయని డాక్టరు నిలదీసినప్పుడు గానీ సంగతి బయటపడలేదు. ఆయన తిట్టారు, మా ఆయన నవ్వారు. పావుకు దిగాక వణుకు తగ్గింది. మందుదేం తప్పు లేదు, ఇప్పటికీ వేసుకొంటూనే ఉన్నాను. ఆ నవ్వుకు ఇన్నేళ్లూ నేనూ పళ్లు ఇకిలించానే, అందుకే నా కోపంలో సగం నా మీదే.

మొన్న అందరూ నవ్వుతుండగా మా అమ్మాయి మాత్రం, "అప్పుడు నీ ఉద్యోగం ఏమైందిమా?" అంది. ఆపైన అక్కడే ఫోను తీసి, ఎంత వేసుకోవాలో, దడ తగ్గకపోతే ఎప్పుడు రావాలో డాక్టరునే తమిళంలో అడిగి రాసుకొంది. చూస్తుంటే సంతోషమూ కలిగింది, ఈర్ష్యా కలిగింది. నా ఈడువాళ్లకు తెలుసు, ఆ రోజుల్లో మన జబ్బు గురించి పక్కవాళ్లే వినేవారు, పక్కవాళ్లే తలూపేవారు. పావు అని ఒక్క మాట, రెండక్షరాలు. ఎవరెవరి పెళ్లిళ్లకో వేల అక్షరాలు ఏరి కూర్చిన దాన్ని. ఆ రెండూ నాకెవరూ అందివ్వలేదు.