తుపాకులు పీకిన యుద్ధ విమానం

ఆ రోజుల్ల మా అడవి పల్లెలకు యూనిఫారం వేసుకొని వచ్చేటోళ్ళు మూడు రకాలే. ఫారెస్టోళ్ళు వస్తే కట్టెలు దాచేటోళ్ళం, పోలీసులు వస్తే మేమే దాక్కునేటోళ్ళం, మలేరియావోళ్ళు వస్తే వేళ్ళు దాచుకునేటోళ్ళం (సూదితోటి పొడిచి రక్తం తీస్తరు గద, అందుకు). ఎనభైల మొదట్ల, ఇప్పపువ్వు రాలే ఎండాకాలంల, నాలుగో రకంగ నేను దిగిన. వైమానిక దళంల చేరి మూడేండ్లు. ఒంటిమీద ఇస్త్రీ బట్టలు, చేతిల ట్రంకు పెట్టె. బూర్గంపాడు కాడ బస్సు దిగి, ఆ ఎండల ఆరు మైళ్ళు బరువు బూట్లతోటి నడిచిన. పెట్టెల చెప్పులున్నయి గానీ, చెప్పులేసుకొని వస్తే మరదలు ఏమనుకుంటది?

మరదలంటే మా మేనమామ బిడ్డ. ఆమెను నాకియ్యాల్నని పెద్దలు చిన్నప్పటి సంది అనుకున్నరు, నేను మాత్రం ఆ మూడేండ్ల సంది మరీ గట్టిగ అనుకుంటున్న. ఈ సెలవుల ముహూర్తం పెట్టించుకోని పోవాల్నని నా ఆరాటం. మామ అడవిపందుల కాపలాకని ఇంట్ల ఒక తుపాకి పెట్టుకున్న మనిషి. అది పేలంగ మేమెవ్వరం చూడలే, పందులు కూడా చూడలే. అయినా మగోడంటే తుపాకి, తుపాకంటే మగోడు, అంతే ఆయన లెక్క. "మా అల్లుడు యుద్ధ విమానంల పోతడు, పైనుంచి గిట్ల గిట్ల కాలుస్తడు" అని ఊరంతా చెప్పి పెట్టిండు. నేను విమానం నడపను, నేల మీదుండి రేకులు, నట్లు బిగించే ఫిట్టర్ను అని ఉత్తరంల వివరంగనే రాసిన. ఆ ముక్క ఎట్ల మాయమైందో నాకు తెల్వదు.

వాకిట్ల మంచమేసి నన్ను కూసోబెట్టి, ఊరోళ్ళందరినీ పిలిచి, మామ మీసం దువ్వుకుంట అడిగిండు, "చెప్పు అల్లుడా, మీ విమానానికి తుపాకులెన్ని?"

నాలుగని చెప్పి ఊకుంటే అయిపోయేది. గానీ కొత్త పోస్టింగ్ మీద నాకు మహా గర్వం. మాది జనం ముందర విన్యాసాలు చేసే జట్టు. విమానాలు రెక్కకు రెక్క ఆనించినట్టు ఎగురుకుంట పోయి, గిరికీలు కొట్టి, తలకిందులైతయి. ఆటకు పోయే విమానాన్ని యుద్ధానికి పోయేదాని లెక్క ఉంచరు, వేరే తీరుగ తయారు చేస్తరు. ఆ సంగతి ఎవరికన్న చెప్పాల్నని నా నోరు ఒకటే దురద.

"ఒక్కటి లేదు మామా. అన్నీ పీకేసినం."

"పీకేసిండ్రా! ఎవడు వాడు?"

"నేనే."

మామ మంచం కోడు పట్టుకున్నడు. "మరి బాంబులు?"

"బాంబులు తగిలించే కొక్కేలు కూడా తీసేసినం. తేలికగుండాలె గద."

"తుపాకులున్న జాగల ఏమున్నది?"

"ముందర, ముక్కు కింద, సీసం దిమ్మలు పెట్టినం."

"అవి ఎవని మీద వేస్తరు?"

"ఎవ్వని మీద వెయ్యం మామా. బరువు కోసం ఊరికెనే ఉంటయి."

"తేలికగుండాలె అని పీకి, మళ్ళ బరువు పెట్టిండ్రా?" మామ చుట్టూ ఉన్నోళ్ళ మొకాలు చూసిండు, ఎవరన్న సాయం వస్తరేమో అని. ఎవ్వరు రాలే. "ఇంకేమున్నది దాన్ల?"

"ఒక టాంకి. దాన్ల డీజిల్ పోస్తం. ఇంజన్ వెనక నుంచి వచ్చే మంటలాంటి గాలిలకు ఆ డీజిల్ చిమ్మితే, తెల్లగ ఇంత పొడుగు పొగ వస్తది."

"పొగ దేనికి?"

"జనం చూస్తరు."

అప్పుడు మామ తల మెల్లగ పైకీ కిందికీ ఊగింది. పోయిన వానాకాలం మలేరియావోళ్ళు భుజాన మిషన్ వేసుకొని వచ్చి, ఇంటింటికీ డీజిల్ కలిపిన మందు పొగే కొట్టి పోయిండ్రు. తుపాకి లేదు, బాంబు లేదు, డీజిల్ ఉన్నది, పొగ ఉన్నది. ఇంకా ఏం చెప్పాలె? పొద్దుగూకక ముందే పిల్లగాడు విమానంల పోయి దోమల మందు కొడుతున్నడని ఊరంతా పాకింది. ఒక ముసలమ్మ వచ్చి కండ్లు గట్టిగ మూసుకొని నా ముందర వేలు చాపింది. ఇంకొకాయన, "ఈసారి విమానం ఇటు వచ్చినప్పుడు మా గొడ్ల కొట్టం మీద కొంచెం దండిగ కొట్టియ్యి సారూ" అని బతిమిలాడిండు. మామ మాత్రం ఒకటే మాట. "బిడ్డనిస్త అన్నది సిపాయికి. పొగ గొట్టానికి కాదు."

నాకు పాణం పోయినట్టయింది. తెల్లారి మామ ఇప్పపువ్వు బస్తాలు సంతకు తీస్కపోను బండి కడుతుంటే, ఇదే అదును అనుకున్న. బస్తాలన్నీ వెనక్కి జరిపి, ఆయనను బండి ముందర నొగ మీద కూసోబెట్టిన. "మామా, బండి విమానమనుకో. నువ్వు తుపాకివి." పొగిడిననుకున్నడేమో, ఛాతి విరిచి కూసున్నడు. "ఇప్పుడు తుపాకి పీకుతున్న. దుంకు!"

దుంకిండు. నొగ లేచింది, కాడి లేచింది, కాడితోపాటు రెండెడ్లు ముందటి కాళ్ళు గాలిల పెట్టి, ఏంది కథ అన్నట్టు నా దిక్కు చూసినయి. వెనక బస్తాలు జారి పగిలి ఇప్పపువ్వు వాకిలంత పరుచుకున్నది. "ఓరి నీ తెలివి తెల్లారా!" అనుకుంట మామ ఎగిరి నొగ పట్టుకొని వేలాడిండు. ఆయన కాళ్ళు భూమికి జానెడెత్తుల తన్నుకుంటుంటే, నేను నిలబడి (సిగ్గులేకుంట) పాఠం చెప్తున్న, "గిప్పుడు నువ్వే సీసం దిమ్మవు మామా! అర్థమైందా?"

"అయిందిరా, ముందటి బరువు తీస్తే ముక్కు లేస్తది! వచ్చి నొగ పట్టు జల్దీ!"

ఎడ్లు నిమ్మళించినంక మామ చెమట తుడుచుకుంట నన్ను కొత్తగ చూసిండు. జన్మంతా బండి తోలిన మనిషి, బరువు సంగతి ఆయనకు చెప్పేదేమున్నది? "మరి ఆ పీకిన తుపాకులు ఏడున్నయి?" అన్నడు.

"స్టోర్ల భద్రంగ ఉన్నయి. యుద్ధం వస్తే పొగ టాంకి, దిమ్మలు తీసేసి ఒక్కపూటల మళ్ళ బిగిస్తం."

"ఒక్కపూటల! ఏమే, అయ్యగారిని పిలిపించు, ముహూర్తం పెట్టుకుందాం!" అని కేకేసిండు.

అత్త చీపురుతోటి బయటికొచ్చింది. "తుపాకుల్లేవంటే రాత్రి నా కండ్ల మీదికి ఇంత నిద్రొచ్చింది. మళ్ళ ఉన్నయా? అయితే నేనియ్య నా బిడ్డను" అని లోపలికి పోయింది.

ఇగ చూడాలె నా తిప్పలు. వంటింట్లకు పోయి "లేవత్తా, స్టోరుకు ఇంత తాళం ఉంటది" అంట. వాకిట్లకొచ్చి "ఒక్కపూట కూడా పట్టదు మామా" అంట. అట్ల నాలుగైదు సార్లు తిరిగినంక, వాకిట్ల పువ్వు ఏరుతున్న మరదలు తలెత్తకుండనే అడిగింది, "లోపల లేవంటవు, బయట ఉన్నయంటవు. ఏది నిజం బావా?"

"ఉన్నయి" అన్న. "తీసేది నేనే, పెట్టేది నేనే."

"పైన నడిపేది ఎవరు?"

"ఒక ఆఫీసరు."

"ఆయనకు పెండ్లయిందా?"

"అయింది. చిన్న పాప కూడా ఉన్నది."

ఆమె చేటల పువ్వు పోసి అప్పుడు నా మొకంల చూసింది. "నిన్నటి సంది అది పీకిన, ఇది పీకిన అని చెప్తనే ఉన్నవు. ఆయన తలకిందులైనప్పుడు ఊడకుంట గట్టిగ బిగించిన అని ఒక్కసారి చెప్పలే."

నేను కూడా కింద కూసోని పువ్వు ఏరబట్టిన. "రెండుసార్లు చూస్త" అన్న.

"మూడోసారి కూడా చూడు. అమ్మకు నేను చెప్పుకుంట."

వాళ్ళమ్మకు ఏం చెప్పిందో నాకిప్పటికీ చెప్పలే. ఆ సెలవులనే పెండ్లయింది. తర్వాత నేను మూడోసారి స్పానర్ పట్టుకున్నప్పుడల్ల తోటి ఫిట్టర్లు నవ్వేటోళ్ళు. ప్రదర్శన రోజు జనమంత మెడలెత్తి పొగను చూసి చప్పట్లు కొడితే, నేను మాత్రం చక్రాలు నేలకు ఆనేదాక ఊపిరి బిగబట్టి నిలబడేటోన్ని. ఆఫీసరు దిగి, హెల్మెట్ చంకల పెట్టుకొని, నా దిక్కు కూడా చూడకుంట ఇంటికి పోయేటోడు. పాప ఎదురు చూస్తుంటది గద, పోనీ అనుకునేటోన్ని. ఆరు మైళ్ళు బూట్లతోటి నడిచొచ్చిన ఆ పిల్లగాడు నాకిప్పుడు కనబడితే, వాని గొప్పలన్నీ ఓపికగ వింట, నవ్వుత, గానీ ముందుగాల కాళ్ళకు చల్లటి నీళ్ళిస్త.