బొల్లారంలో కరెంటు పోయిన సాయంత్రం

మా ఇంట్లోవాళ్లు నా మాటల్లో సగం తీసేసి వింటారు. మీరు మాత్రం ఇది పూర్తిగా వినండి.

మా అమ్మాయి సునీత తొమ్మిదో తరగతిలో ఉండగా, ఈస్టరు సెలవుల్లో బొల్లారం మైదానంలో క్రైస్తవ సంగీతోత్సవం జరిగింది. ఆఖరి సాయంత్రం మా పిల్ల పాడటానికి మొట్టమొదటిసారి వేదికెక్కింది. "మా పిల్ల పాడితే బోయిన్‌పల్లి దాకా వినపడ్తది" అని నేను మేముండే పద్మారావు నగర్ అంతా ముందే కోతలు కోసి వచ్చాను.

పల్లవి సగంలో కరెంటు పోయింది. కీబోర్డు ఆగింది, మైకు ఆగింది. పిల్ల గొంతు ముందు వరుస కూడా దాటలేదు. కళ్లనీళ్లతో మెట్లవైపు తిరిగింది.

"ఇప్పుడు దిగిందంటే మళ్ల ఎన్నడు పాడదు. ఏమన్న చెయ్యుండ్రి జెర!" అంది నా భార్య.

నేను కుర్చీ ఎక్కి, కీర్తనల పుస్తకంలో ఆ పాట నంబరు గట్టిగా అరిచాను. మా చర్చివాళ్లకు నంబరు చెబితే చాలు, పుస్తకం అక్కర్లేదు.

వెనకాల ఒక ముసలమ్మ అందుకుంది. ఆమె వెంట ఆ వరుస, ఆ వెంట మైదానమంతా. ఎవరూ చెప్పకుండానే ఆడవాళ్లు పై స్వరం, మగవాళ్లు కింది స్వరం పట్టుకున్నారు. నా కాళ్ల కింద కుర్చీ వణికింది. సునీత కళ్లు తుడుచుకుని వెనక్కి వచ్చి గొంతు కలిపింది. రోడ్డు మీద వెళ్లే బస్సు ఆగిపోయింది. నేను పాడటం కూడా మరిచి, నోరు తెరుచుకుని నిలబడ్డాను.

"బోయిన్‌పల్లి దాకా వినపడ్డదా డాడీ?" అంది, దిగి వచ్చి.

మిగతా కథలకు కొంత కలిపి చెబుతాను. దీన్ని మాత్రం, నమ్ముతారని, కొంత తగ్గించి చెబుతున్నాను. నిజానికి ఆగింది ఒక్క బస్సు కాదు.