ఈల ఊదని పంచాయితీ

ఆ ఈతకొలను క్లబ్బు కార్యదర్శిని అందరూ హారన్‌గారనేవారు. బతుకంతా బస్సు నడిపినవాడు. ఇంజను చప్పుడును మించి మాట్లాడి మాట్లాడి గొంతు అలాగే స్థిరపడిపోయింది.

క్లబ్బులో ఏ తగవొచ్చినా ఆయన పద్ధతి ఒక్కటే. ఈల ఊది, అందర్నీ గట్టు మీద నిలబెట్టి, అక్కడికక్కడే తేల్చెయ్యడం. తువ్వాళ్ల పేచీలకు ఆ మందు బ్రహ్మాండంగా పనిచేసింది. జలుబు తగ్గించిన మందునే విరిగిన కాలికీ పుయ్యాలనుకోవడం లోకంలో చాలామంది పెద్దమనుషులకున్న జబ్బు.

రిలే జట్టు కెప్టెన్, బొద్దుగా ఉండే ఓ కొత్త పిల్లను రోజూ ఏడిపిస్తోందని తువ్వాళ్లిచ్చే ఆవిడ వచ్చి చెప్పింది. బట్టలు దాచడం, "ఏనుగు దిగుతోంది, నీళ్లు పొర్లుతాయి" అని జట్టుచేత పాడించడం. హారన్‌గారు యథాప్రకారం ఈల ఊదాడు.

"ఎవరమ్మా నిన్ను ఏడిపించింది? భయపడకు, చూపించు."

క్లబ్బంతా చూస్తుండగా ఆ పిల్ల తన కాలివేళ్లు చూసుకుంటూ, "ఎవరూ లేరండీ" అంది.

మర్నాటి నుంచి రావడం మానేసింది.

భోజనాల దగ్గర ఆ మాట చెబితే, పళ్ల డాక్టరైన కోడలు గరిటె కింద పెట్టింది. "మామయ్యా, నేను పన్ను పీకాలంటే కుర్చీ తీసుకెళ్లి బస్టాండులో వేస్తానా?"

"ఎందుకేస్తావు?"

"మరి మీరు చేసిందేమిటి?"



సాయంత్రం ఆ పిల్ల ఇంటికెళ్లాడు. "తప్పు నాది తల్లీ. నిన్ను సంతలో నిలబెట్టి అడిగాను" అన్నాడు. గుసగుసలాడాననే అనుకున్నాడు. పై వాటావాళ్లు కిటికీ తెరిచారు. పిల్ల ఫక్కున నవ్వింది. ఆపైన తల్లి పక్కన కూర్చుని మొత్తం చెప్పుకొచ్చింది. ఆయన నడుమ ఒక్క మాటా అనకుండా విన్నాడు. ఘాట్‌రోడ్డు మీద బ్రేకు లేని బస్సు దింపడం దీనికంటే సుఖం.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"షేక్‌హ్యాండ్లు ఇప్పించకండి తాతగారూ. నాకు వాళ్ల స్నేహం వద్దు. ఈత కావాలి."

ఆయన మిగతా పిల్లల్ని ఒక్కొక్కరినీ విడిగా అడిగాడు. పాట నిజమేనని తేలింది. కెప్టెన్‌నూ ఆమె తండ్రినీ ఆఫీసు గదిలోకి పిలిచి తలుపు మూశాడు.

"సరదాకే అన్నాం సార్" అంది కెప్టెన్.

"ఇద్దరికీ నవ్వొస్తేనే సరదా అమ్మా."

కెప్టెన్ పదవి పోయింది. నెల రోజులు కొలను గుమ్మం తొక్కకూడదన్నాడు. బట్టల గది ముందు తువ్వాళ్లావిడకు కుర్చీ వేయించాడు.

కోచ్ లబోదిబోమన్నాడు. "ఆదివారం పోటీ సార్. కెప్టెన్ లేకపోతే మునిగిపోతాం."

"ఈతగాళ్లమే కదయ్యా, తేలుదాం."

తేలారు, అందరికంటే వెనక.

సోమవారం ఆ కొత్త పిల్ల మళ్లీ వచ్చింది. గోడవారగా ఉన్న ఈత వరస తనకు కావాలంది. మూసే వేళ దాటినా నీళ్లలోంచి లేవలేదు.

"ఇంకొక్క రౌండు తాతగారూ."

హారన్‌గారు తాళాలగుత్తి జేబులో వేసుకుని గట్టు మీద చతికిలబడ్డాడు.