వెనక సీటు భోగం

వీధంతా బావ అని పిలిచే ఆ గడియారాల మెకానిక్‌కి స్నేహితులంటే ప్రాణం. వాళ్ల భోగం చూస్తే మాత్రం కడుపుమంట. ఏటా నలుగురూ అతని కారులోనే అడవికి వెళ్తారు. కాల్చిన చేపలూ, అడవి పక్క ఊళ్లోనే తయారయ్యే చల్లటి బీరూ ఆ ముగ్గురికి. స్టీరింగూ, సోడా ఇతనికి. "అదిగో జింక!" అని వెనక సీటు గోల పెడితే, ఇతను తల తిప్పేసరికి ఊగుతున్న పొద ఒక్కటే మిగిలేది.

ఈసారి భుజం నొప్పని వంక పెట్టి, కారు తాళాలు ఆ ముగ్గురిలో ఒకడైన టైలరు చేతిలో పెట్టాడు.

"ఇన్నాళ్లూ మీరు కులికారు. ఇవాళ నా వంతు!"

వెనక సీట్లో కాలు మీద కాలేసుకుని చేపలు లాగించాడు, కసితీరా బీరు తాగాడు.

కళ్లు తెరిచేసరికి కారు ఆగి ఉంది. ముగ్గురూ నోళ్లు తెరుచుకుని ఖాళీ రోడ్డుకేసి చూస్తున్నారు.

"చిరుత, బావా! బానెట్ మీదెక్కి కూర్చుంది. ఇప్పుడే దిగిపోయింది," అన్నాడు టైలరు.

"నన్ను లేపి చావచ్చు కదరా!"

"ఎలా లేపను? నీ గురక వింటూనే కదా అది అంతసేపు కూర్చుంది!"

దారంతా బావ కిటికీకి కళ్లప్పగించి కూర్చున్నాడు. వాళ్లు ముగ్గురూ చిరుతని చూశారు. చిరుతేమో తీరిగ్గా ఇతన్ని చూసి పోయింది.