రెండు ఊళ్ళ పనసకాయాట

మా ఊరికి రగ్బీ వచ్చింది తెల్లరాయి గని వల్లే. గనికి సూపర్‌వైజరుగా వచ్చిన ఒడిశా కుర్రాడు చదువుకునే రోజుల్లో ఆ ఆట ఆడాడట. ఒక ఆదివారం కోలగా ఉన్న బంతి పట్టుకొచ్చి, దీన్ని చంకన పెట్టుకుని అవతలి గీత దాకా పరిగెత్తాలి, పక్కవాడికి ఇవ్వాలంటే వెనక్కే విసరాలి అన్నాడు. ముందుకు పోయేవాడు వెనక్కి విసరడమేమిటని మా పెద్దలు పడీ పడీ నవ్వి, దానికి పనసకాయాట అని పేరు పెట్టారు. గనివాళ్ళు పారబోసిన మట్టిని చదును చేసి మైదానం చేసుకున్నాం. చదును అంటున్నాను గానీ, పై గీత దగ్గర బంతి వదిలితే కింది గీత దాకా అదే దొర్లిపోయేది.

ఆడటానికి ఎదుటి జట్టు కావాలి కదా. మా ఊరి పక్కన పారే గెడ్డ అవతలి ఊరివాళ్ళూ మా గనిలోనే పనిచేసేవారు. వాళ్ళు జట్టు కట్టారు. ఏటా చైత్రంలో వచ్చే మా వేట పండుగ, ఇటుకల పండుగకి పోటీ. ఆ పండుగలో వేటకెళ్ళి ఉత్త చేతులతో వచ్చిన మగవాళ్ళ మీద మా ఆడవాళ్ళు పేడనీళ్ళు పోస్తారు. ఓడిన జట్టుకూ అదే మర్యాద మొదలుపెట్టారు. మా ఇంటిదైతే ఆట సగంలో ఉండగానే బిందె నింపుకుని కూర్చునేది. మొగుడి మీద అంత నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను ఏ ఏడూ వమ్ము చేయలేదు.

ఏటా మేం ఓడడానికి కారణం ఒకే మనిషి. అవతలి ఊళ్ళో నాకు వరసకు బావమరిది. చూడటానికి పిట్టంత ఉంటాడు. నేను బంతి అందుకున్నానంటే చాలు, ఎక్కడి నుంచి వచ్చేవాడో, నడుం పట్టుకుని పడేసేవాడు. ఒకసారి నా భుజం ఎముక విరిగింది. కట్టుతో ఇంట్లో ఉంటే నాటుకోడి పట్టుకుని చూడటానికొచ్చాడు. కోడిని తీసుకుని గోడవైపు తిరిగి పడుకున్నాను. నా కోపం నాది.

తర్వాత గని మూతపడింది. కుర్రాళ్ళు విశాఖపట్నమనీ హైదరాబాదనీ పనులకు దిగిపోయారు. జట్టుకి ఏడుగురు కావాలి. కిందటేడు పండుగ ముందు ఊరంతా గాలిస్తే ఐదుగురం తేలాం, అరిగిన మోకాళ్ళతో నన్ను కలుపుకుని. ఇంక మా జట్టు పోయినట్టేనని, కాఫీ తోటలో మిరియాలు కోస్తున్నా నాకు అదే దిగులు.

సంతలో బావమరిది కనిపించి తమ ఊళ్ళోనూ అంతేనని, రెండు జట్లూ కలిపేద్దామని అన్నాడు. నేను ససేమిరా అన్నాను. నన్ను బురదలో పొర్లించినవాళ్ళ పక్కన నిలబడి ఆడతానా? ఇంటికొచ్చి అదే చెబితే మా ఇంటిది పొయ్యి ఊదడం ఆపింది.

"ఆడకపోతే ఏటి సేత్తావు? మోకాళ్ళకి నూనె రాసుకుంటావా?"

మర్నాడే గెడ్డ దాటి వెళ్ళి సరేనన్నాను.

కలిసి సాధన మొదలుపెట్టేసరికే పండుగ దాటిపోయి, ఆ ఏడు ఆట పడలేదు. వానలయ్యాక, అరకులో అప్పుడే ఆట నేర్చుకుంటున్న కాలేజీ కుర్రాళ్ళతో పోటీ కుదిరింది. అక్కడ నేల నిజంగానే చదునుగా ఉండేసరికి కాసేపు మాకు కాళ్ళు ఆడలేదు. కాసేపటికి బావమరిది ఇద్దరి మధ్య నలుగుతూనే బంతిని వెనక్కి విసిరాడు. అది నా చేతుల్లో పడింది. గీత దాటేశాను. గెలిచాం. నా జన్మలో అదే మొదటి గెలుపు.

తిరిగొచ్చేటప్పుడు జీపులో అందరూ పాటలు. బావమరిది ఒక్కడే మూల కూర్చున్నాడు. ఏమైందని అడిగాను.

"గెలిసీసినాం బావా. మరి పండక్కి ఎవులితో ఆడతాం?"

జట్టు బతకాలని కోపం దిగమింగినవాణ్ణి, ఆ ముక్క ఒక్కసారీ ఆలోచించలేదు.

ఈ ఏడు ఇటుకల పండుగకి రెండు ఊళ్ళ వాళ్ళమూ ఒకే రంగు బనీన్లతో మైదానంలో నిలబడ్డాం. ఎదుట ఎవరూ లేరు. ఆనవాయితీ తప్పకూడదని బావమరిది బంతి నా చేతికిచ్చి పరిగెత్తమన్నాడు. పరిగెత్తాను. వెనక నుంచి వాడొస్తాడేమోనని, కావాలనే నెమ్మదిగా పరిగెత్తాను. రాలేదు. సొంత జట్టువాణ్ణి పడేయడం ఆ ఆటలో లేదు.