డిప్ప లేని పీత

బాపట్లలో మా అక్క వాళ్ళింట్లో నలుగురు చేరితే చాలు, నా పీత కథ మొదలవుతుంది. నేను ఇంటర్నెట్ పిచ్చిలో పడి లోకానికి తెలియని పీతను కనిపెట్టబోయానట. చదువురాని చేపలావిడ దాన్ని పాడుచేసిందట. చివరికి నేనే దాన్ని కూర వండించుకుని తిన్నానట. ఇందులో పిచ్చి ఒక్కటే నిజం. తిన్నది మా బావ. పాడుచేసింది ఎవరన్నది చెబుతాను.

రెండు వేల అయిదు, ఆరు ప్రాంతం. తెనాలిలో ఉంటూ రేపల్లె కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. ప్యాసింజర్‌లో వెళ్ళడం, ప్యాసింజర్‌లో రావడం. మా ల్యాబ్‌లో ఒక సీసాలో పీత ఉండేది. ఫార్మలిన్‌లో నాని తెల్లబడిపోయింది, చీటీ మీద పేరు ఎప్పుడో చెరిగిపోయింది. దాని పేరేంటి మేడమ్ అని పిల్లలు అడిగితే మాట మార్చేసేదాన్ని. సముద్రం గాలి తగిలేంత దగ్గర్లో ఉద్యోగం చేస్తూ ఒక పీత పేరు చెప్పలేకపోవడం నాకు తలకొట్టేసినట్టుండేది. తోటి లెక్చరర్లకు అలాంటి బాధలేవీ లేవు. సిలబస్‌లో లేనిది మనకెందుకండీ అనేవారు.

సాయంత్రం రైలు దిగి తిన్నగా స్టేషన్ రోడ్డులోని నెట్ సెంటర్‌కు వెళ్ళేదాన్ని. ప్లైవుడ్ గదులు, ఒక్కో గదికి ఒక కర్టెన్. నేను మాత్రం కర్టెన్ తీసేసి కూర్చునేదాన్ని. నా తెర మీద పీతలు తప్ప ఏముంటాయి గనక? పీతలు, రొయ్యల గురించి ఎక్కడో విదేశాల్లో మ్యూజియం వాళ్ళు పెట్టిన సైట్ ఒకటి దొరికింది. ఒక్కో బొమ్మ పైనుంచి కిందికి గీత తర్వాత గీతగా దిగేది. ముందు కళ్ళు, తర్వాత వీపు మీది డిప్ప అంచున రంపం పళ్ళు, కాళ్ళ దాకా వచ్చేసరికి కరెంటు పోయేది. సెంటర్ నడిపే భాయ్ బొమ్మ పూర్తిగా దిగేదాకా నాతోపాటు నిలబడి చూసేవాడు.

"మా ఇంట్లో పీత ముట్టరండి మేడమ్. మీ పుణ్యమా అని పళ్ళు లెక్కపెట్టడం మాత్రం వచ్చేసింది" అన్నాడొకసారి.

నిజంగానే వచ్చింది. ఆ సైట్ ప్రశ్నలు వేసేది. కంటి నుంచి పక్క ముల్లు దాకా ఆరు పళ్ళా, తొమ్మిదా? నుదురు నున్నగా ఉందా, ముళ్ళున్నాయా? ఒక్కో జవాబుకీ ఒక్కో దారి, ఆ దారి చివర పేరు. అవన్నీ లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఆ పుస్తకంతోనే సీసాలోని పీతకు పేరు పెట్టి కొత్త చీటీ అంటించాను. ఆ రోజు రైల్లో ఒక్కదాన్నే నవ్వుకుంటూ వచ్చాను.

అయితే ఆ సైట్‌లో ఒక పటం ఉండేది. ఏ పీత ఎక్కడ దొరికిందో చుక్కలు పెట్టేవారు. మద్రాసు దగ్గర చుక్కలు, విశాఖ దగ్గర చుక్కలు, మధ్యలో మా తీరమంతా ఖాళీ. నాకు ఒళ్ళు మండింది. అక్కడున్న ఈమెయిల్‌కు ఘాటుగానే రాశాను. వారం దాటాక మర్యాదగా జవాబొచ్చింది. డిప్పకు పైనుంచి ఒక ఫోటో, ముందు నుంచి ఒకటి, కొండీలున్న పెద్దకాళ్ళవి విడిగా పంపండి, తప్పకుండా చేరుస్తామన్నారు. బాపట్ల దగ్గర ఒక్క చుక్క పెట్టించాలి. అప్పటికి నాకు అంతకు మించిన కోరిక లేదు.

ఒక ఆదివారం అక్క ఇంటికి వెళ్ళాను. సూర్యలంక నుంచి వచ్చే చేపలావిడ గంప దించింది. మామూలు చుక్కల పీతల మధ్య ఒకటి వేరేగా కనిపించింది. నేరేడుపండు రంగు, డిప్ప మీద వీపులు ఆనించుకున్నట్టు రెండు తెల్లటి నెలవంకలు. కుడివైపు పళ్ళు ఆరు లెక్కపెట్టాను. ఎడమవైపు తిప్పేలోగా నా వేలు పట్టేసింది. అలాంటిది నేను ఏ పేజీలోనూ చూడలేదు. ఫిజిక్స్ సార్ మర్నాడు కాలేజీకి కెమెరా తెస్తానని ముందే అన్నాడు. సాయంత్రం రైలుకు వెళ్ళేటప్పుడు తీసుకుంటాను, ఎవరికీ ఇవ్వొద్దని ఆవిడతో చెప్పాను. ఎందుకో చెప్పలేదు. చేపలావిడకు చెబితే ఏం అర్థమవుతుందిలే అనుకున్నాను.

సాయంత్రం ఆవిడ తామరాకు పొట్లం చేతిలో పెట్టింది. విప్పి చూస్తే డిప్ప ఊడదీసి, లోపలంతా కడిగి, కాళ్ళు చితక్కొట్టి, పసుపు కూడా రాసి ఉంది. తమ కోసం దాచమన్నవాళ్ళకు పీతను అలాగే ఇవ్వడం ఆవిడ దృష్టిలో మర్యాద కాదు.

"డిప్ప ఏది?" అన్నాను.

"డిప్పెవరు తింటారమ్మా?"

మా బావ పడీపడీ నవ్వాడు. ఆ కోపమంతా ఆవిడ మీద చూపించాను. బుద్ధుందా అన్నాను, ఇంకా చాలా అన్నాను. ఆవిడ తలెత్తి నావైపే చూస్తూ అంది:

"పొద్దున ఒక్క మాట చెప్పుంటే ప్రాణంతో తెచ్చేదాన్నిగా. పీత దాచమన్నోళ్ళందరూ కూరకే. నీకు డిప్ప కావాలని నాకెట్టా తెలుస్తుందమ్మా?"

డిప్పలెక్కడ పారబోసిందో చూపించమన్నాను.

ఇద్దరం ఆవిడ డిప్పలు పారబోసిన చోటికి వెళ్ళాం. అప్పటికే కాకులూ కుక్కలూ పని కానిచ్చేశాయి. చీకటిపడేదాకా వెతికాం. వెతుకుతూనే ఆ పటం సంగతి చెప్పాను. కంప్యూటర్లో మన పీతలు లేవా అని అడిగింది. లేవన్నాను. "ఇన్ని తింటన్నాం, లేవంటారేంటి?" అంది. రైలు వెళ్ళిపోయింది. ఆ రాత్రి అక్క దాన్నే వండింది. నేను చారన్నం తిన్నాను. రుచి ఎలా ఉందని మా బావను అడిగితే, మామూలుగానే ఉంది మరదలా అన్నాడు.

మావాళ్ళు ఎప్పుడూ చెప్పని భాగం ఒకటుంది. ఆ తర్వాత ఏడాది పాటు ఆవిడ తడి గోనెలో పీతల్ని ప్రాణంతో తెచ్చి అక్క ఇంట్లో ఇచ్చేది, పెద్దకాళ్ళకు తాడు కట్టి. వాటి ఫోటోలు పంపాను. మూడు రకాలు చేర్చుకున్నారు. బాపట్ల దగ్గర చుక్క పడిన రోజు భాయ్ ఆ పేజీని రంగుల్లో ప్రింట్ తీసిచ్చాడు. దాన్ని ఆవిడకు చూపిస్తే చుక్క మీద వేలు పెట్టి, ఇంతేనా అంది.

ఇప్పుడా నెట్ సెంటర్ లేదు, అక్కడ సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. బొమ్మలు కన్ను ఆర్పేలోగా ఫోన్లో దిగుతున్నాయి. గీత గీతగా దిగినప్పటి ఆత్రం మాత్రం వాటిలో లేదు. అయినా వెతుకుతూనే ఉన్నాను. నేరేడు రంగు, రెండు నెలవంకలు, కుడివైపు ఆరు పళ్ళు. ఎక్కడా లేదు. నిజాంపట్నం నుంచి చీరాల దాకా రోజూ ఎన్నో వలలు పడతాయి కదా, మీలో ఎవరైనా అలాంటి పీతను చూశారా? చూసి ఉంటే, డిప్ప పారేసే ముందు ఎడమవైపు ఎన్ని పళ్ళున్నాయో లెక్కపెట్టారా?